హన్మంతు రాసిన గోంగూర లైసెన్సు

దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో ఒక టైర్ల వర్క్‌షాపుకూ, ఒక మందీ హోటలుకూ మధ్య ఇరుక్కుని నయీమ్ టైపింగ్ సెంటర్ ఉంటుంది. ఆ చుట్టుపక్కల వ్యాపారం పెట్టిన వాళ్లలో అక్కడి హన్మంతును ఎరగనివాళ్లు తక్కువ. కొత్త లైసెన్సు తీయాలన్నా, పాతది రెన్యూ చేయించాలన్నా, ఒక కంపెనీ మూసేసి అదే గదిలో ఇంకో పేరుతో మరొకటి తెరవాలన్నా జనం ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు. ఇలా ఆఫీసుల చుట్టూ కాగితాలు పట్టుకుని తిరిగే మనిషిని ఇక్కడ మందూబ్ అంటారు.

మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి షట్టరింగ్ పనికి వచ్చినవాడు మందూబ్ ఎలా అయ్యాడంటే, అదంతా బస్సు కిటికీ పుణ్యం. జెబెల్ అలీ లేబర్ క్యాంపు నుంచి సైటుకు వెళ్లే కంపెనీ బస్సులో మిగతావాళ్లంతా నోరు తెరుచుకుని నిద్రపోతుంటే హన్మంతు దుకాణాల బోర్డులు చదివేవాడు. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే కాబట్టి ఒకదాన్ని చూసి రెండోది, రెండోదాన్ని చూసి మొదటిది నేర్చుకున్నాడు. అందుకే ఆయన అరబ్బీ అంతా బోర్డుల అరబ్బీ. సిమెంటు, స్టీలు, సాధారణ రవాణా, ఏసీల మరమ్మతు, మగవారి దుస్తుల కుట్టుపని, ఇవన్నీ గడగడా చెప్పేస్తాడు. మీ అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉందని అడగాలంటే మాత్రం నోట మాట రాదు.

ఆ బోర్డుల అరబ్బీయే చివరికి అన్నం పెట్టింది. నయీమ్ హైదరాబాదు మనిషి. కౌంటరులో అప్లికేషన్ చదివి, అందులో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించే కూలీని చూసి ముచ్చటపడి తన దగ్గర పనిలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత హన్మంతు ఒంటెల అలంకరణ సామగ్రికి లైసెన్సు రాశాడు, పెళ్లి గుడారాలకు రాశాడు, గద్దల కళ్లకు కట్టే తోలు టోపీల దుకాణానికి కూడా రాశాడు. "నేను రాయని లైసెన్సు ఈ దుబాయ్‌ల లేదు" అన్నది ఆయన నోట ఎప్పుడూ ఆడే మాట. నయీమ్ ఆ మాట విన్నప్పుడల్లా మెచ్చుకోలుగా తల ఊపి చాయ్ తెప్పించేవాడు.

కాత్యాయని గారు వచ్చిన రోజు కూడా ఆ మాట అన్నాడు.

ఆవిడది గుంటూరు. భర్త రాధాకృష్ణ ఒక బ్యాంకులో కంప్లయన్స్ ఆఫీసరు. అంటే ఎవరి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో అనుమానంగా చూడడమే ఆయన ఉద్యోగం. ఆ చూపు ఇంటికొచ్చినా పోదు, కూరలో ఉప్పును కూడా అలాగే చూస్తాడు. కాత్యాయని గారి గోంగూర పచ్చడికి మాత్రం ఆయనతో సహా ఎవరూ వంక పెట్టలేదు. తెలిసినవాళ్లు అడిగి అడిగి పట్టుకెళ్తుంటే, ఇదేదో పద్ధతిగా చేద్దామని ఆవిడ అల్ ఖూజ్‌లోనే అద్దెకిచ్చే వంటశాలలో ఒక మూల మాట్లాడుకుంది. ఇక కావలసింది లైసెన్సు.

"పచ్చళ్ల తయారీ అని రాయండి హన్మంతు గారూ. ముఖ్యంగా గోంగూర."

"పుంటికూర" అన్నాడు హన్మంతు.

"గోంగూర అండీ."

"గదే మేడం, మేం పుంటికూర అంటం. మా దిక్కు చెల్కలల్ల మస్తు పండుతది."

"పండితే పండుతుంది లెండి. గోంగూర అంటే గుంటూరే. చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు."

హన్మంతు నవ్వాడు కానీ ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. తన పుంటికూరను పట్టపగలు, తన బల్ల ముందే కూర్చుని ఒకరు గుంటూరుకు రాసేసుకుంటుంటే ఎలా ఉంటుంది?

ఆవిడ వెళ్లాక అప్లికేషన్ మొదలుపెట్టాడు. పేరు, చిరునామా, వంటశాల నంబరు అన్నీ సాఫీగా ఎక్కాయి. ముఖ్య పదార్థం దగ్గర కంప్యూటర్ మొరాయించింది. గోంగూర అని కొడితే అలాంటిది లేదంది. పుంటికూర అని కొడితే ఇంకా గట్టిగా లేదంది. అధికారికమైన ఇంగ్లీషు పేరు ఇవ్వు, దాని అరబ్బీ కూడా ఇవ్వు అని ఎర్రక్షరాలు. సరే చూద్దామని హన్మంతు ఫోనులో వెతికాడు. ఈ మొక్కకు ఇంగ్లీషులో బోలెడు పేర్లున్నాయి. వాటిలో ఒకటి చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. డెక్కన్ హెంప్.

"నయీమ్ భాయ్, దేఖో! దక్కన్ అని పేర్లనే ఉన్నది. దక్కన్ అంటే మనం. గుంటూరు ఎట్లయితది?"

హెంప్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఆకుకూర లాంటిదేదో అయి ఉంటుందనుకున్నాడు. ఫోనునే అరబ్బీ అడిగితే అది ఖిన్నబ్ అని చెప్పింది. ఆ మాట ఆయన ఏ బోర్డు మీదా చూడలేదు. దుబాయ్‌లో ఖిన్నబ్ దుకాణాలు ఎందుకు లేవో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే కథ అక్కడే ఆగిపోయేది. ఆలోచించలేదు. దక్కన్ అన్న సంతోషంలో కొట్టేశాడు.

కంప్యూటర్ వెంటనే ఒప్పుకుంది. ఆకుపచ్చ టిక్కు వచ్చింది. పైగా, ఇది కొత్తగా మొదలైన లైసెన్సు రకం కిందికి వస్తుంది, ప్రత్యేక విభాగానికి పంపుతున్నాం అని మర్యాదగా ఒక మెసేజీ కూడా పెట్టింది.

"సూసిన్రా, పుంటికూరకు స్పెషల్ విభాగం!" అని హన్మంతు కాలరెగరేశాడు.

విషయం ఏమిటంటే, ఈమధ్యే ఈ దేశంలో ఒక కొత్త చట్టం వచ్చింది. గంజాయి జాతి మొక్కే అయినా మత్తు దాదాపు ఉండని రకం ఒకటుంది, హెంప్ అంటే అదే. నారకు, బట్టకు, మందులకు దాన్ని తెచ్చుకోవడానికి, పెంచడానికి, వాడడానికి గట్టి షరతులతో లైసెన్సులిస్తారు. దమ్ము కొట్టడానికి కాదు, తిండిలో కలపడానికి అసలే కాదు. అరబ్బీలో హెంప్‌కూ గంజాయికీ కలిపి ఉన్న ఒకే మాట ఖిన్నబ్. మన హన్మంతు దాంతో పచ్చడి పెడతామని, నిల్వ పచ్చడి కూడా చేస్తామని, ఇంటింటికీ చేరవేస్తామని రాసి పంపాడు.

కాత్యాయని గారికి షరతుల పట్టీ వచ్చింది. ఆవిడ వెంటనే ఫోను చేసింది.

"హన్మంతు గారూ, మొక్కల చుట్టూ కంచె వెయ్యాలట. గోంగూరకి కంచె ఎందుకండీ, ఇక్కడ మేకలు కూడా లేవుగా?"

"దుబాయ్ గదా మేడం. శుభ్రం విషయంల మస్తు స్ట్రిక్టు."

"పగలూ రాత్రీ కెమెరాలట. కాపలా మనిషట. యజమానికి పోలీసుల దగ్గర్నుంచి సర్టిఫికెట్ కావాలట."

"అన్నీ జేపిద్దాం మేడం, ఫికర్ జెయ్యకున్రి" అన్నాడు హన్మంతు. ఆయనకూ కొంచెం ఎక్కువే అనిపించింది కానీ గద్దల టోపీలకు కూడా ఇన్ని అడగలేదే అని పైకి అనలేదు.

ఆ సాయంత్రం రాధాకృష్ణ బ్యాంకు నుంచి వచ్చి, కాఫీ తాగుతూ ఆ పట్టీ అందుకున్నాడు. మొదటి వాక్యం చదివి కప్పు కింద పెట్టాడు. రెండో వాక్యం చదివి లేచి కిటికీ తెరలు వేశాడు.

"కాత్యాయనీ" అన్నాడు చాలా మెల్లగా, "నువ్వు గంజాయి పచ్చడికి అప్లై చేశావు."

"ఛ, గోంగూరకండీ!"

"ఆ పేరు ఎత్తకు. ఫోనులో ఆ ఫోటోలు ఏమైనా ఉన్నాయా?"

"కిందటి వారం పచ్చడి జాడీ పక్కన మీరే దిగారుగా" అంది ఆవిడ.

హన్మంతుకు కబురందేసరికి ఆయన హోటల్లో పరోటా తింటున్నాడు. ఫోనులో రాధాకృష్ణ గోంగూర అనలేదు, గంజాయి అనలేదు. "ఆ రెండో వస్తువు పేరు మీరు మొదటి వస్తువు స్థానంలో రాశారు" అన్నాడు. అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక పరోటా అక్కడే ఉండిపోయింది.

నయీమ్ తల పట్టుకున్నాడు. "అరే హన్మంతు భాయ్, క్యా కర్ దియా రే! ఇరవై రకాల మనుషుల లైసెన్సులు రాసినం, ఒక్కలు జైలుకు పోలే. ఇప్పుడు మనమే పోతమా?"

"గట్లనకు భాయ్. వాపస్ దీసుకుందాం."

వెనక్కి తీసుకోవడం కుదరలేదు. అప్లికేషన్ పరిశీలనలో ఉంది, మర్నాడు వంటశాలకు తనిఖీకి వస్తున్నారని జవాబొచ్చింది.

హన్మంతుకు ఒక అనుమానం పట్టుకుంది. అసలు పుంటికూర ఆకు ఎలా ఉంటుందో సరిగ్గా గుర్తు రావడం లేదు. చిన్నప్పటి నుంచి తిన్నాడే కానీ ఎన్నడైనా ఆకును ఆకుగా చూశాడా? తెల్లారీ తెల్లారకముందే ఊళ్లో భార్య సాయవ్వకు వీడియో కాల్ చేశాడు.

"ఏయ్, జర చెల్కలకు వోయి పుంటికూర సూపియ్యి."

"మబ్బుల్నే ఏం రోగమచ్చింది నీకు? పుంటికూర ఎన్నడు సూడలేదా?"

"సూపియ్యరాదే!"

సాయవ్వ తిట్టుకుంటూ వెళ్లి, ఒక కొమ్మ విరిచి కెమెరా నిండా పట్టింది. సన్నగా, పొడుగ్గా, చేతివేళ్లలా విప్పుకున్న ఆకు, అంచులకు రంపపు పళ్లు. పోలీసు పోస్టర్ల మీద చూసే బొమ్మ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

"దాసెయ్! దాసెయ్ జెల్ది! ఫోన్ల సూపియ్యకు!"

"సూపియ్యి అన్నది నువ్వే, దాసెయ్ అంటున్నది నువ్వే. ఎండ తాకిందా ఏంది?" అంది సాయవ్వ. ఆ కొమ్మను ఇంకా దగ్గరికి తెచ్చి తిప్పి తిప్పి చూపించింది. హన్మంతు ఫోను బోర్లా పెట్టేశాడు.

పొద్దెక్కాక వంటశాలకు వెళ్లేసరికి పరిస్థితి ఇంకా బాగుంది. అంతకుముందు ఆర్డరు పెట్టిన గోంగూర, తోట నుంచి ఆ పొద్దునే దిగింది. కడిగి ఆరబెట్టిన ఆకు తెల్లటి గుడ్డల మీద గదంతా పరిచి ఉంది. రాధాకృష్ణ ఆఫీసుకు సెలవు పెట్టి, దాన్ని తొక్కకుండా గోడవారగా నిలబడి ఉన్నాడు.

"పారేద్దాం" అన్నాడాయన.

"బయట పారేస్తే ఎవరైనా సూస్తరు సార్. సాక్ష్యం మాయం జేసిన్రంటరు" అన్నాడు హన్మంతు. ఆ మాటను రాధాకృష్ణ కూడా కాదనలేకపోయాడు. ఇలాంటి కేసులు బ్యాంకులో చూసినవాడే.

"మరేం చేద్దామంటారు?"

"వండేద్దాం. వండితే ఆకు లెక్క గనపడది."

కాత్యాయని గారు అప్పటికే పొయ్యి వెలిగించింది. నిజానికి ఆవిడకు ఈ మగవాళ్ల భయం సగం అర్థమైంది, సగం అనవసరం అనిపించింది. ఎలాగూ ఆకు వాడిపోతోంది. ఒక పక్క మూకుడులో నూనె వేసి ఆకు మగ్గించడం, మరో పక్క ఎండుమిరపకాయలు వేయించడం మొదలుపెట్టింది. హన్మంతు చేతులకు అందినంత ఆకు తెచ్చి పోస్తున్నాడు. రాధాకృష్ణ తలుపు దగ్గర కాపలా. మిరపకాయల ఘాటు వంటశాలంతా కమ్మేసింది. పక్క మూలలో కేకులు చేసుకునే ఫిలిప్పీన్స్ ఆవిడ దగ్గుతూ బయటికి పరుగెత్తింది.

సరిగ్గా ఆ పొగలోకి తనిఖీ అధికారి అస్మా అడుగుపెట్టింది.

అస్మా ఇక్కడి అమ్మాయే. నల్లటి అబాయా, చేతిలో ట్యాబ్, మెడలో ఆఫీసు కార్డు. హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ కలిపి ఎవరికి ఏది వస్తే అందులో మాట్లాడుతుంది. ఆమె లోపలికి వచ్చి సలాం చెప్పబోయి ఒక తుమ్ము తుమ్మింది. ఆ తర్వాత చాలాసేపు వరసగా తుమ్ములే. కళ్లు తుడుచుకుని చూసేసరికి ఎదురుగా భార్యాభర్తలు, ఉడుకుతున్న పెద్ద మూకుడు, దాని వెనక గరిటె పట్టుకుని హన్మంతు.

"ఇందులో ఏముంది?" అని హిందీలో అడిగింది.

రాధాకృష్ణ నోరు విప్పలేదు, లాయరు లేకుండా మాట్లాడకూడదని నిశ్చయించుకున్నట్టున్నాడు. అందుకని మందూబ్ ముందుకొచ్చాడు. బోర్డుల అరబ్బీకి హిందీ అతికించి వివరించడం మొదలుపెట్టాడు.

"మేడం, ఇది ఆకు. మా దేశంల అందరు తింటరు. పెద్దోళ్లు, చిన్నోళ్లు, అందరు."

"పిల్లలు కూడానా?"

"పిల్లలకే ఎక్కువ ఇష్టం మేడం. ఒక్కసారి అలవాటయితె ఇడువరు. దొరక్కపోతె పానం గుంజుతది. నేను దుబాయ్ వచ్చిన కొత్తల ఇది లేక మస్తు పరేషానయిన. మావోళ్లు ఊరికెళ్లి వచ్చేటప్పుడు బట్టల నడుమ దాసిపెట్టి తెచ్చేటోళ్లు."

అస్మా ట్యాబ్‌లో ఏదో రాసుకుంది. రాధాకృష్ణ గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎంత తింటారు?"

"కొంచెమే మేడం. ఎక్కువ తింటె తట్టుకోలేం. చెమటలు వడ్తయి, కండ్లల్ల నీళ్లు వస్తయి, తర్వాత మంచిగ నిద్ర వస్తది."

"హన్మంతు గారూ, మీరు దయచేసి ఆగండి" అంది కాత్యాయని గారు. పొయ్యి ఆపి చేతులు తుడుచుకుంది. వండకుండా పక్కన పెట్టిన ఒక కట్ట ఉంది. విత్తనానికి పనికొస్తాయని, ఎంత చెప్పినా మూకుడులో వెయ్యనివ్వలేదు. ఎర్రటి కాడలు, వాటికి ఎర్రటి కాయలు. ఆ కట్ట తెచ్చి అస్మా చేతిలో పెట్టింది.

అస్మా ఒక కాయ గిల్లింది. ఆకు నలిపి వాసన చూసింది. నాలుక కొసకు తగిలించుకుని, పులుపుకు మొహం చిట్లించింది.

"కర్కదే!" అంది. "ఇది కర్కదే కదా! మా అమ్మ తోటలో పెంచుతుంది, ఈ ఎర్రవి ఎండబెట్టి షర్బత్ చేస్తుంది. మరి ఖిన్నబ్ అని ఎవరు రాశారు?"

హన్మంతు గరిటె కింద పెట్టాడు.

"నేనే మేడం. ఫోను జెప్పింది. దక్కన్ అని గనపడే సరికి సంతోషమయింది. ముందు వెనక సూడలే. వీళ్లకేం తెల్వదు. ఏమన్న ఉంటె నన్నే తీస్కపోన్రి, సంచి సదురుకొని వచ్చిన."

నిజంగానే తెచ్చుకున్నాడు. తలుపు పక్కన చిన్న చేతిసంచి ఉంది. అందులో రెండు లుంగీలు, ఒక తువ్వాలు, బీపీ గోళీలు. అస్మా ఆ సంచిని చూసింది, ఆయన్ను చూసింది, మొహం పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. చివరికి ఆపుకోలేక అబాయా అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. ఆ నవ్వు చూసి రాధాకృష్ణకు ఊపిరొచ్చింది.

అయినా అస్మా పని మానలేదు. రాసింది ఖిన్నబ్ కాబట్టి నమూనా ల్యాబుకు పోవాల్సిందే, ఫలితం వచ్చేదాకా ఈ ఆకు ఎక్కడికీ కదలకూడదు అని చెప్పి, ఆ కట్టను తను తెచ్చిన ప్లాస్టిక్ సంచిలో వేసి సీలు వేసింది. కాత్యాయని గారు చిన్న సీసాలో పచ్చడి పెట్టి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఇప్పుడు వద్దు ఆంటీ. లైసెన్సు వచ్చాక నేనే వచ్చి కొనుక్కుంటాను" అంది.

ల్యాబు జవాబు వచ్చేదాకా హన్మంతుకు తిండి సహించలేదు. దానికితోడు కొత్త తలనొప్పి మొదలైంది. నయీమ్ ఈ సంగతి మందీ హోటలులో ఒకరికి చెప్పాడు, ఒకరికే. మర్నాటికల్లా అల్ ఖూజ్ దాటి బనియాస్ దాకా పాకింది. పాకేటప్పుడు కొంచెం మారింది కూడా. హన్మంతు గంజాయి లైసెన్సు ఇప్పిస్తాడట అని ఫోన్లు మొదలయ్యాయి.

"అన్నా, నాకొక చిన్న లైసెన్సు ఇప్పియ్యవా? ఎక్కువొద్దు, నా ఒక్కనికే."

"ఖలాస్! ఫోన్ పెట్టెయ్! ఇంకోసారి గా మాట ఎత్తితె నీ వీసా సంగతి నేనే జూస్త!" అని హన్మంతు అరిచేవాడు. అరిచాక, ఫోను వింటున్నవాళ్లు ఎవరైనా ఉంటే తన అమాయకత్వం తెలియాలని గట్టిగా "జై హన్మాన్" అనేవాడు.

ల్యాబు జవాబు వచ్చింది. ఆకులో మత్తు లేదు, మందు లేదు, ఉన్నదల్లా పులుపు. పాత అప్లికేషన్ కొట్టేశారు. కొత్తదానిలో ముఖ్య పదార్థం దగ్గర అస్మా చెప్పిన ప్రకారం కర్కదే ఆకులు అని రాశారు. గుంటూరూ లేదు, దక్కనూ లేదు. కాత్యాయని గారు, హన్మంతు ఇద్దరూ ఆ మాట వైపు కాసేపు చూసి, పోనీలే అనుకున్నారు. మామూలు పచ్చళ్ల లైసెన్సు చడీచప్పుడు లేకుండా చేతికొచ్చింది. అన్న మాట ప్రకారం అస్మా వచ్చి రెండు సీసాలు కొనుక్కుంది, ఒకటి వాళ్లమ్మకు. రాధాకృష్ణ మాత్రం ఇప్పటికీ బయట ఎవరైనా గోంగూర అంటే చటుక్కున చుట్టూ చూస్తాడు.

నేను రాయని లైసెన్సు లేదన్న మాట హన్మంతు దగ్గర మళ్లీ వినపడలేదు. కొత్త మాట కనిపిస్తే ఇద్దరు ముగ్గురిని అడిగి గానీ కొట్టడం లేదు. ఆ షరతుల పట్టీని అనువాదం చేయించుకుని మొదటి నుంచి చివరి దాకా నిదానంగా చదివాడు. తాను ఎంత దూరం పోయి వచ్చాడో తెలుసుకోవాలని ఆయన కోరిక. పెంచడానికి ఒక అనుమతి, తేవడానికి ఒకటి, తయారీకి ఇంకొకటి, ఏది ఎవరి దగ్గర తీసుకోవాలి అన్నీ తెలిశాయి.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, సెంటరు ముందు పెద్ద కారు ఆగింది. సూటు వేసుకున్న తమిళాయన దిగాడు. బట్టల మిల్లు ఉంది, నారతో గుడ్డ నేయించాలి, దానికి కొత్త రకం లైసెన్సు కావాలి, ఎక్కడ అడిగినా ఎవరికీ తెలియదంటున్నారు, మీ దగ్గర ఒక మనిషి ఉన్నాడని విన్నాను అన్నాడు.

నయీమ్ కళ్లు మెరిశాయి. "హన్మంతు భాయ్, యల్లా, ఇటు రా!"

హన్మంతు వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నార ఎక్కడినుంచి వస్తుంది, గింజ తెస్తారా దారమే తెస్తారా, కార్ఖానా ఎక్కడ అని ఒక్కొక్కటే అడిగాడు. తిండి వస్తువుల్లో కలిపే ఆలోచన ఏమైనా ఉందా అని మాత్రం రెండుసార్లు అడిగాడు. లేదని ఆయన ఒట్టు పెట్టాకే కంప్యూటర్ తెరిచాడు.

తమిళాయనకు ఈ జాగ్రత్త నచ్చింది. "మీరు ఇదివరకు ఈ లైసెన్సు చేశారా?" అని అడిగాడు.

"ఒకసారి జేసిన సార్" అన్నాడు హన్మంతు. "పచ్చడికి."